పసిబిడ్డలకు సూదిమందు: విచక్షణ అవసరం

వానలు పడి నీరు మారిందంటే పిల్లల వార్డులు నిండిపోతాయి. జ్వరం, దగ్గు, విరేచనాలతో వచ్చిన చంటిబిడ్డకు చేర్చుకున్న పూటే యాంటీబయాటిక్ సూదిమందు మొదలుపెట్టడం పలుచోట్ల ఆనవాయితీగా మారింది. సూది పడితేనే వైద్యం జరిగినట్లు తల్లిదండ్రులు భావించడం ఇందుకు తోడవుతున్నది.

యాంటీబయాటిక్‌లు బాక్టీరియా క్రిములపైనే పనిచేస్తాయి. జలుబుకు, పసిపిల్లల నీళ్ల విరేచనాలలో అధికభాగానికి వైరస్‌లు కారణం. వాటిపై ఈ మందుల ప్రభావం శూన్యం. విరేచనాలకు ఓ.ఆర్‌.ఎస్‌. నీళ్లు, తల్లిపాలు, 14 రోజుల జింకు మందు ప్రధాన చికిత్స. రక్త విరేచనాలు, కలరా వంటి కొన్నింటికే యాంటీబయాటిక్ అవసరం.

ఐతే అవసరమైనచోట జాప్యం ప్రాణాంతకం. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, ఏ వయసు బిడ్డయినా నెమ్ము చేసి డొక్కలు ఎగరవేస్తున్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అటువంటి బిడ్డకు మందు పనిచేయాలంటే, అక్కరలేని బిడ్డకు వాడకుండా ఉండాలి. అనవసరంగా వాడినకొద్దీ క్రిములు మందుకు లొంగకుండా మొండికెత్తుతాయి. నేటి అలవాటుకు రేపటి నెమ్ము బిడ్డ మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు తరగతులుగా విభజించింది. అమాక్సిసిల్లిన్‌, ఆంపిసిల్లిన్‌, జెంటామైసిన్‌ వంటివి ముందుగా వాడదగినవి. సెఫ్‌ట్రియాక్సోన్‌ వంటివి ఆచితూచి వాడవలసినవి. మూడవ తరగతివి చివరి అస్త్రాలు. 2030 నాటికి ప్రపంచంలో వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం మొదటి తరగతివే కావాలని 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు తీర్మానించాయి. ఆచితూచి వాడవలసిన మందే వార్డులో తొలి మందైతే ఈ లక్ష్యం కాగితాలకే పరిమితమవుతుంది.

మందు ఎందుకు ఇస్తున్నదీ కేసుషీటులో రాయడం, వీలైనంతవరకు తొలి మోతాదుకు ముందే కల్చర్‌ పరీక్షకు రక్తం తీయడం, రెండు మూడు రోజులకు ఫలితం చూసి అక్కరలేని మందు ఆపడం ప్రతి ఆసుపత్రిలోనూ నియమం కావాలి. జిల్లా, ఏరియా ఆసుపత్రులలో ఈ పరీక్ష రాత్రింబవళ్లు అందేలా ప్రభుత్వం సిబ్బందిని, సామగ్రిని సమకూర్చాలి. పరీక్ష లేనిచోట వైద్యుని విచక్షణ ఒక్కటే మిగులుతుంది.

తల్లిదండ్రులు సైతం సూది వేయమని ఒత్తిడి చేయరాదు. "డాక్టరుగారూ, ఈ మందు దేనికండీ? ఎన్నాళ్లు వాడాలండీ?" అని అడగడం తప్పు కాదు. వైద్యుడు చెప్పిన మందును తగ్గిందని మధ్యలో మానరాదు, మిగిలిన మందు మరో బిడ్డకు పోయరాదు.