ఆ అంకె ఎలా వచ్చిందో కూడా రాయండి

2022 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఒక మంచి కబురు వచ్చింది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి కుందేలు కంట్లో అమర్చారు. దాతల కార్నియాల్లోంచి కణాలు తొలగించగా మిగిలిన పదార్థంతో చేసిన హైడ్రోజెల్ దానికి ఆధారం. గచ్చిబౌలిలో పాలిమర్లను లాగి, నొక్కి కొలవడమే నా పని కాబట్టి, వార్త చదవగానే నాకు తట్టిన ప్రశ్న ఒకటే. అది కుట్టుకు ఆగిందా? వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారం దాన్ని చీల్చకుండా ఉంటుందా?

కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 15 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 2 కిలోపాస్కల్‌లు. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. వంపును కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ పల్చని పొర పగలూ రాత్రీ దాదాపు 15 కిలోపాస్కల్‌ల లాగుడును భరిస్తోంది. దాని స్థానంలో పెట్టే జెల్ కూడా అంత భరించాలి.

భరిస్తుందో లేదో కొలవడమే కష్టం. ప్లాస్టిక్ అయితే డంబెల్ ఆకారంలో కోసి యూటీఎంలో (లాగి, నొక్కి బలం కొలిచే యంత్రంలో) బిగించి లాగుతాం. హైడ్రోజెల్‌ను గ్రిప్పు గట్టిగా పడితే జున్నుముక్కలా నలిగిపోతుంది, వదులుగా పడితే జారిపోతుంది. బలాన్ని కొలిచే లోడ్‌సెల్ 10 న్యూటన్లది కావాల్సిన చోట 5 కిలోన్యూటన్లది ఉంటే, తెర మీద కనబడేది యంత్రం వణుకే. పైగా ఏసీ గదిలో నీళ్లలోంచి తీసిన క్షణం నుంచీ జెల్ ఆరుతూ గట్టిపడుతుంది. గబుక్కున లాగితే బిగువు చూపుతుంది, నింపాదిగా లాగితే పాలిమర్ గొలుసులు సర్దుకుని మెత్తగా సాగుతుంది.

మనిషి కార్నియానే చూడండి. దాని బిగువును చెప్పే యంగ్స్ మాడ్యులస్ ఒక పరిశోధన పత్రంలో మెగాపాస్కల్‌లో వందో వంతు, ఇంకో దాంట్లో 10 మెగాపాస్కల్‌ల పైన. వెయ్యి రెట్ల తేడా! ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు పట్టీగా కోసి లాగారు, ఒకరు సన్నని మొనతో నొక్కారు, మరొకరు వెనకనుంచి ఉప్పునీళ్ల ఒత్తిడి పెట్టి ఉబ్బించారు. కొల్లాజెన్ పోగులు పొడవునా లాగితే గట్టివి, పైనుంచి నొక్కితే మెత్తనివి.

గచ్చిబౌలి అంటే ఐటీ మేడలే గుర్తొస్తాయి గానీ, ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో బయోనెస్ట్ ఇంక్యుబేటర్ కూడా ఉంది. వైద్యానికి పనికొచ్చే కొత్త పదార్థాల మీద ఈ నగరం పెట్టుకున్న ఆశ చిన్నది కాదు. అందుకే అడుగుతున్నాను. థీసిస్‌లోనైనా, స్టార్టప్ ప్రెజెంటేషన్‌లోనైనా, పత్రికా ప్రకటనలోనైనా బలం అంకె పక్కనే పరీక్ష వివరాలు రాయాలి. ముక్క ఏ ద్రవంలో, ఎంతసేపు నానింది? కంటి ఉపరితలం దాదాపు 34 డిగ్రీలు. పరీక్ష ఎన్ని డిగ్రీల దగ్గర జరిగింది? ఎంత వేగంతో లాగారు? గ్రిప్పు దగ్గరే తెగిన ముక్కలెన్ని? వాటిని లెక్కలో కలిపారా, తీసేశారా? చివరి రెండు ప్రశ్నలకు జవాబు చాలా నివేదికల్లో దొరకదు. నాకు బాధ కలిగించేది అదే.

యంత్రం కొనేటప్పుడు కూడా వేడి నిలిపే నీటితొట్టెను, చిన్న లోడ్‌సెల్‌ను అదనపు ఖర్చని కొట్టేయకండి. హైడ్రోజెల్‌కు అవి లేని యూటీఎం సగం యంత్రమే. ఇక గైడ్లు విద్యార్థి తెచ్చిన సగటు విలువ చూసి సంతకం పెట్టే ముందు, ప్రతి ముక్క గ్రాఫూ తెప్పించుకుని చూడాలి.