సిద్ధాంతవ్యాసము - సడలని దీక్ష

పరిశోధనకు పేరు నమోదు చేయించుకొన్ననాటి ఉత్సాహము మూడవ ఏట ఉండదు. తిరువూరు వంటి పట్టణములలో పగలు పాఠములు చెప్పి, రాత్రివేళ సిద్ధాంతవ్యాసము వ్రాసికొను ఉపాధ్యాయులకు ఇది అనుభవైకవేద్యము. చీటీలు కట్టలు కట్టలుగా పేరుకొనియుండును. కలము మాత్రము కదలదు. యు.జి.సి. 2022 నాటి నిబంధనల ప్రకారము గడువు 6 సంవత్సరములు. పునర్నమోదుతో మరి 2. గడువును తలచుకొన్నకొలది భయము పెరుగునేగాని పుటలు పెరుగవు.

దీనికి సోమరితనమే కారణమని పలువురందురు. మేమట్లు తలపము. సేకరించువానికి దినదినము ఒక క్రొత్త లాభము కనబడును. వ్రాయువానికి తన లోపమే కనబడును. ఇంకొక గ్రంథము చదివి వ్రాసెదనని వాయిదా వేయుట అందుచేతనే. ఉత్సాహము కొరకు కాచుకొని కూర్చుండరాదు. వ్రాయగా వ్రాయగా అదియే వచ్చును. దినమున కొక పుట వ్రాసినను ఏడాదికి 300 పుటలు దాటును. పీఠికతోనే ఆరంభింపవలెనను నియమము లేదు. చేతనున్న సామగ్రి ఏ ప్రకరణమునకు చాలునో దానినే ముందు వ్రాయవచ్చును.

బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధనకు ఎన్నుకొన్న పాటలు గ్రంథములలోకంటె పల్లెవాసుల నోళ్లయందే ఎక్కువగా నుండెను. 1958లో అచ్చయిన ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ ఆ కృషికి ఫలము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై పరిశోధించి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందిరి. అది 1961లో గ్రంథమైనది. ద్రావిడభాషలపై వారి మహాగ్రంథము 2003లో వెలువడినది. సిద్ధాంతవ్యాసము తొలిమెట్టు మాత్రమే యనుటకు ఇంతకంటె నిదర్శన మేల? కనుక అది సర్వసమగ్రముగా నుండవలెనను భారము మోయనక్కరలేదు. సత్యముగా నుండి, పూర్తియైన చాలును.

పాట పాడి వినిపించిన ముదుసలి, అరుదైన మాట చెప్పిన రైతు, పాత ప్రతిని నమ్మి చేతికిచ్చిన గృహస్థు - వీరందరు పరిశోధకునకు అప్పిచ్చినవారు. ఆ చీటీలు పెట్టెలో చెదలపాలైనచో పోవునది ఒక పట్టము మాత్రమే కాదు. ఆ పాట, ఆ మాట మరల దొరకకపోవచ్చును. డబ్బిచ్చి ఇతరులచే వ్రాయించుకొన్నవారికి పట్టము దక్కవచ్చునేమోగాని ఋణము తీరదు.

ఉపాధ్యాయులారా! దినదినాభ్యాసము గొప్పదని శిష్యులకు బోధించువారము మనము. ఆ పాఠమును మనమే ముందుగా ఆచరించి చూపుదముగాక!