యువజన శీర్షిక: ప్రాడక్టు మేనేజరు అంటే ఎవరు?

విష్ణుపురి ఇంజనీరింగు కాలేజీ నుండీ, పుణే, హైదరాబాదుల నుండీ పట్టాలు పుచ్చుకొని వచ్చే మన పిల్లలలో కొందరు, “ప్రాడక్టు మేనేజ్‌మెంటులో చేరతాము” అంటున్నారు. పెద్దలకు ఇది అంతుపట్టడం లేదు. కార్ఖానా లేదు, చేతికింద మనుషులు లేరు, మరి ఏమి మేనేజరు అని వారి సందేహం. సందేహం సబబైనదే.

నిజానికి ఈ పని కొత్తది కాదు. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సబ్బుల కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు కేమే సబ్బు ప్రచారం చూసేవాడు. అదే కంపెనీవారి ఐవరీ సబ్బు ముందు అది వెలవెలబోయేది. ఒక్కొక్క సరుకు మంచిచెడ్డలకు ఒక్కొక్క మనిషి పూచీ పడాలని అతడు పైవారికి మూడు పుటల లేఖ వ్రాశాడు. ఈ ఉద్యోగానికి మూలం అదే. నేడు సబ్బు స్థానంలో ఫోనులో వాడే యాప్‌లు వచ్చాయి. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నది, ఏది ముందు తీర్చాలి అని తేల్చి, ఇంజనీర్లను ఒప్పించి పని నెరవేర్చడం ఇతని వంతు. అధికారం తక్కువ, జవాబుదారీ ఎక్కువ.

మన పొరుగు జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, 2005 దీపావళికి ఇంటికి రాబోతే బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నవో ఏజెంటుకే తెలియదని గ్రహించారు. బస్సు యజమానులకు పనికివచ్చే సాఫ్టువేరు చేసి చూపితే వారు ఆసక్తి కనబరచలేదు. అప్పుడు నేరుగా ప్రయాణికులకే టిక్కెట్లు అమ్మే దారి పట్టి, స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ ప్రారంభించారు. 2013లో ఐబిబో సంస్థ దానిని కొన్నది. మన పిల్లలు గమనించవలసినది ఆ మధ్య మలుపు. తాను చేసినది ఎదుటివారికి అక్కర లేదంటే, అలగకుండా దారి మార్చుకోవాలి.

కాలేజీ విడిచిన వెంటనే ఈ ఉద్యోగం దొరకడం అరుదు. గూగుల్ 2002లో కొత్తవారికి ఒక పథకం పెట్టింది. అటువంటివి మరికొన్ని ఉన్నా, స్థానాలు బహు కొద్ది. ఎక్కువమంది ప్రోగ్రామింగు, టెస్టింగు, అమ్మకాలలో కొన్నేళ్ళు చేసి ఇటు మళ్ళుతారు. కనుక చేతికి వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నవద్దు. సర్టిఫికెట్టు కోసం అప్పుచేసి లక్షలు కట్టవద్దు.

దానికి బదులు ఒక పని చేయండి. పసుపు మార్కెట్టుకు వెళ్ళి పదిమంది రైతులతో మాట్లాడండి. ధర ఎలా తెలుసుకుంటారు, డబ్బు ఎప్పుడు అందుతుంది, ఎక్కడ చిక్కుపడుతున్నారు అని అడిగి, ఏమి మార్చవచ్చునో, మార్పు ఫలించిందని దేనివల్ల తెలుస్తుందో రెండు పుటలలో వ్రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టుకన్న అది ఎక్కువ మాట్లాడుతుంది. ఇంట తెలుగు, బజారులో మరాఠీ, హిందీ, కాలేజీలో ఇంగ్లీషు వచ్చిన నాందేడు పిల్లలకు ఈ పని సుళువు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. అబ్బాయి నిలదొక్కుకోవడానికి రెండేళ్ళ గడువు ఇస్తున్నారు. అమ్మాయి అడిగినప్పుడూ సంబంధాల తొందర పెట్టక, అదే గడువు ఇవ్వండి.