అద్దె సంతకంతో అంతస్తులు లేపొద్దు

పాలమూరులో గానీ, నల్లగొండలో గానీ, మిర్యాలగూడ, జడ్చర్ల, షాద్‌నగర్‌లలో గానీ ఏదైనా డాబా ఎక్కి చుట్టూ చూడండి. ఇంటింటి మీదా పిల్లర్ల చువ్వలు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. కొడుకు పెళ్లినాటికో, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడో ఇంకో అంతస్తు వేద్దామని వదిలిపెట్టిన చువ్వలవి. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పుపట్టిన ఆ ఇనుముకే కొత్త ఇనుము కట్టి మూడో అంతస్తు, నాలుగో అంతస్తు వేస్తున్నారు. ఆపైన పెంట్‌హౌస్, దానిమీద నీళ్ల ట్యాంకులు, కొన్నిచోట్ల సెల్ టవరు కూడా. కింది పునాది ఎంత మోయగలదో లెక్క చూసినవాళ్లు లేరు. ఇది ఇక్కడితో ఆగాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టని ఒక్క అంతస్తు కూడా పాలమూరు, నల్లగొండ ఉమ్మడి జిల్లాల్లో ఇక లేవకూడదు.

ఇంత గట్టిగా, ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లోని కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలో యాభై అంతస్తులు దాటిన టవర్లు వచ్చాయి. ఆ ఎత్తు ఇప్పుడు దక్షిణానికి, తూర్పుకు నడిచి వస్తోంది. హైదరాబాద్‌కు దక్షిణాన ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ పరిధిలో పాత పాలమూరు జిల్లాకు చెందిన కడ్తాల్, ఆమన్‌గల్ మండలాలున్నాయి. ప్రాంతీయ రింగు రోడ్డు చౌటుప్పల్, ఆమన్‌గల్, షాద్‌నగర్ మీదుగా పోవాలి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, 2025లో కార్పొరేషన్ అయింది. గజం ధర పెరిగిన చోట ఇల్లు పైకే పెరుగుతుంది. పెరగడం తప్పు కాదు. రెండంతస్తుల అలవాట్లతో పదంతస్తులు కట్టబోవడమే ప్రమాదం.

మేస్త్రీ చెయ్యి మంచిదైతే చాలు, ఇంజినీరు దండగ అనే మాట మన ఊళ్లలో నేటికీ చెల్లుతోంది. సుతారి పనితనాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. అయితే గోడ నిట్టనిలువుగా లేపడం వేరు, ఆ గోడ బరువు భూమిలోకి ఏ దారిన దిగుతుందో లెక్కగట్టడం వేరు. వెయ్యి చదరపు అడుగుల అయిదంగుళాల స్లాబు ఒక్కటే ముప్పై టన్నులకు దగ్గర తూగుతుంది. దానిమీద గోడలు, టైల్స్, మనుషులు, సామాను అదనం. అయిదువేల లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే అయిదు టన్నులు. రెండంతస్తుల కోసం పోసిన తొమ్మిదికి పన్నెండంగుళాల పిల్లర్ల మీద నాలుగు అంతస్తులు ఎక్కిస్తే ఈ బరువంతా వాటిమీదే పడుతుంది. పిల్లరు అలసిపోయినట్టు ముందుగా కనిపించదు. చాలాసార్లు చెప్పకుండానే కూలుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ లెక్క స్వభావమే మారిపోతుంది. చిన్న ఇంటికి తన బరువే పెద్ద సమస్య. టవరుకు గాలి, భూకంపం పక్కనుంచి వేసే తోపు అసలు పరీక్ష. ఢాకాలో పుట్టి, షిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఆ పక్కతోపునే లెక్కలోకి తీసుకుని, భవనం చుట్టూ ఉన్న స్తంభాలన్నీ కలిసి ఒకే గొట్టంలా పనిచేసే పద్ధతి రూపొందించారు. 1970ల్లో చికాగోలో 442 మీటర్ల సియర్స్ టవరు ఆ పద్ధతిలోనే నిలబడింది. మన దేశంలో యాభై మీటర్లు దాటిన భవనాల కోసం ఐఎస్ 16700 అనే ప్రత్యేక ప్రమాణం 2017లో వచ్చింది. ఈ పని నేర్చుకోవడానికి బీటెక్ పట్టా సరిపోదు. స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చదివి, అనుభవజ్ఞుడి కింద ఏళ్ల తరబడి డిజైన్లు చేసి, సైటులో నిలబడి నేర్చుకోవాలి.

ఆ లెక్క తప్పిన చోట ఏం జరిగిందో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలస వెళ్లిన కూలీలు ఎందరో. పక్కనే మిగిలిన రెండో టవరు కూడా ప్రమాదకరమని తేల్చి, 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. నెల దాటాక, అదే ఏడాది డిసెంబరు 8 రాత్రి, హైదరాబాద్ నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది ప్రాణాలు పోయాయి. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గుంత తవ్వితే, ఇరుకు జాగాలో లేచిన అంతస్తుల ఇల్లు పక్కకు ఒరిగింది. జనాన్ని ఖాళీ చేయించి మర్నాడు కూల్చాల్సి వచ్చింది. 2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీద అంతస్తులు పెంచుతూ పోయిన భవనం పనివాళ్ల మీదే పడింది. ఇద్దరు చనిపోయారు. మన డాబాల మీద చువ్వలు ఎదురుచూస్తున్నది కూడా అలాంటి పనికోసమే.

ఈ ప్రమాదాల్లో చనిపోయేది ఎవరో పాలమూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, మేడలు పాలమూరు లేబర్ చెమటతో లేచాయి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, కడుతున్న బిల్డింగు కిందే గుడిసె వేసుకుని పడుకునే కుటుంబాలవి. బిల్డింగు పడితే మొదట వాళ్లమీదే పడుతుంది. ఇప్పుడు ఎత్తు కట్టడాలు సొంతూరి గడపదాకా వస్తున్నాయి. వలసలో పొట్టకూటి కోసం ఓర్చుకున్న ఆ ముప్పు సొంత జిల్లాలో కూడా వెంటాడితే అంతకంటే అన్యాయం లేదు.

ఇక్కడ భూమి రాయిభూమి, ఏం కాదు అని ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది. నిజమే, తెలంగాణ మెట్ట కింద గ్రానైటు ఉంది. అయితే ఆ రాయి అంతటా ఒకే లోతున లేదు. ఒక ఫుటింగు కింద నాలుగడుగులకే బండ తగులుతుంది, పదడుగుల అవతల ఇంకో ఫుటింగు కింద మెత్తటి మొరం ఉంటుంది. ఒకటి దిగి ఇంకొకటి దిగకపోతే ఇల్లు మెలితిరుగుతుంది. చెరువు శిఖాల్లో, కుంటలు పూడ్చిన చోట ప్లాట్లు చేసి అమ్మినవి ఎన్ని లేవు? నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. అందుకే మట్టి పరీక్ష లేకుండా పునాది లోతు నిర్ణయించే హక్కు ఎవరికీ లేదు.

భూకంపాల మాట ఎత్తితే మనది ముప్పు తక్కువున్న జోన్ 2 అంటారు. అంటే ముప్పే లేదని కాదు. 2020 జనవరి 26 తెల్లవారుజామున, పులిచింతల ప్రాజెక్టు చుట్టుపక్కల ఉన్న పాత నల్లగొండ జిల్లా పల్లెల్లో భూమి కంపించి జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాద్ దాకా తెలిసింది. 2001లో భుజ్ దగ్గర భూమి కంపిస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి వందలమంది చనిపోయారు. వాటిలో చాలావాటికి కింద పార్కింగు కోసం గోడలు లేకుండా వదిలేసిన పిల్లర్లే ఆధారం. అలాంటి పిల్లర్ల మీదే ఇవాళ మన పట్టణాల్లోనూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి.

చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ వీల్లేదు. ఇళ్ల అనుమతుల కోసం 2020లో వచ్చిన తెలంగాణ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వయంగా ఇచ్చిన ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ప్రజల్ని నమ్మి ఇచ్చిన ఈ వెసులుబాటు అడ్డు పెట్టుకుని రెండంతస్తులకు అనుమతి తెచ్చి అయిదు లేపేవాళ్లు ఉన్నారు. ఆర్కిటెక్టులకు 1972 నుంచి ఒక చట్టం, దాని కింద ఒక కౌన్సిల్ ఉన్నాయి. ఇంజినీర్లకు దేశమంతటా వర్తించే అలాంటి చట్టం లేదు. అందువల్ల నక్షా మీద ఉన్న సంతకం వెనక నిజంగా లెక్కలు ఉన్నాయో లేవో కనిపెట్టడం కష్టమైపోయింది. సైటు మొహం చూడకుండా, ఎవరో వేసిన డ్రాయింగు మీద డబ్బు తీసుకుని ఇలా అద్దె సంతకం పెట్టి ఇవ్వడం చాలాచోట్ల మామూలు వ్యవహారమైంది.

ఈ మాట సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న, చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న మన జిల్లాల పిల్లలు ప్రత్యేకంగా వినాలి. మొదట్లో జీతాలు తక్కువ. ఒక్క సంతకానికి నాలుగు వేలు ఇస్తానంటే కాదనడం కష్టమే. కానీ ఆ సంతకం మీకు తెలియని కుటుంబాల నెత్తిమీద ఏళ్ల తరబడి వేలాడుతూ ఉంటుంది. న్యూయార్క్‌లో సిటీకార్ప్ సెంటర్ అనే 59 అంతస్తుల భవనానికి విలియం లెమెజరియర్ స్ట్రక్చరల్ ఇంజినీరు. అది 1977లో పూర్తయింది. మరుసటి ఏడాది ఒక విద్యార్థి వేసిన ప్రశ్నతో మొదలై ఆయన మళ్లీ లెక్కలు తిరగేశారు. మూలల మీదినుంచి గాలి వీస్తే, వెల్డింగుకు బదులు బోల్టులతో బిగించిన ఉక్కు అతుకులు తట్టుకోలేవని తేలింది. పేరు పోతుందని, కేసులు పడతాయని తెలిసీ ఆయన యజమానుల దగ్గరికి, నగర అధికారుల దగ్గరికి తనే వెళ్లి చెప్పారు. రాత్రిళ్లు వెల్డర్లను పెట్టి అతుకులన్నిటికీ ఉక్కు పలకలు వేయించారు. ప్రజలకు ఈ సంగతి 1995 దాకా చెప్పకపోవడం సమర్థించరానిదే. అయినా ఆ భవనం నేటికీ నిలిచి ఉంది. ఈ వృత్తికి కావలసిన ధైర్యం అది. అది లేకపోతే ఎంత లెక్కల ప్రతిభ ఉన్నా ఎత్తు మేడల జోలికి పోవద్దు.

ఎత్తు మనకు కొత్త కాదు. నల్లగొండ గడ్డ మీద నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ రాతి ఆనకట్ట 124 మీటర్ల ఎత్తున కృష్ణమ్మను ఆపి నిలబడింది. లెక్క కట్టిన ఇంజినీర్లు, రాయి పేర్చిన కూలీలు ఒకే చోట ఉండి పని చేశారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇల్లు కట్టుకునేవాళ్లకు విజ్ఞప్తి. మట్టి పరీక్ష, స్ట్రక్చరల్ డ్రాయింగు చేతికి రాకుండా గుంత తవ్వించకండి. మీ ఇంజినీరును పునాది గుంతలోకి ఒకసారి, స్లాబు పోసే ముందు ఒకసారైనా రప్పించండి. పిల్లరు రింగుల కొసలు లోపలికి వంచారో లేదో ఆయన చేతనే చూపించుకోండి. తాగే నీళ్లను పరీక్ష చేయించడం ఫ్లోరైడు బాధ వల్ల నల్లగొండ ఎంతో కష్టం మీద నేర్చుకుంది. కాంక్రీటులో కలిపే బోరు నీళ్లకూ పరీక్ష అవసరమే. లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉన్న నీళ్లు ఇనుమున్న కాంక్రీటుకు పనికిరావు. మన మే నెల ఎండలో పది రోజులైనా తడి ఆరనివ్వకుండా నీళ్లు పట్టండి. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబు కింద పోట్లు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉండాలి. పై అంతస్తు పోస్తున్నప్పుడు కింది పోట్లు విప్పమని తొందరపెట్టకండి. పాత ఇంటి మీద అంతస్తు వేయాలనుకుంటే, ముందు పునాది తవ్వి చూపించి, కాంక్రీటు బలం పరీక్షించి, ఇంజినీరు రాతపూర్వకంగా సరే అన్నాకే వేయండి. ఫ్లాటు కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి.

మున్సిపల్ అధికారులు అనుమతి ఇచ్చిన అంతస్తులు ఎన్నో, లేచినవి ఎన్నో వీధి వీధీ తిరిగి లెక్క తీయాలి. ప్రతి నిర్మాణం ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు పేరు, లైసెన్సు నంబరు బోర్డు మీద రాయించాలి. ఒక్క మనిషి ఒకే నెలలో లెక్కకు మించిన భవనాలకు సంతకం పెడితే పిలిచి అడగాలి. పక్క స్థలంలో సెల్లారు తవ్వేటప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లకు ఆసరా కట్టించకుండా పని సాగనివ్వకూడదు.

కట్టడంలో ఉన్న కార్మికులు, కింద కాపురమున్న కుటుంబాలు ఒక్కమాట వినాలి. పిల్లరు మీద నిలువు చీలిక, బీము చివర ఏటవాలు పగులు, ఉన్నట్టుండి బిగుసుకుపోయిన తలుపులు, కిటికీలు, పెచ్చులూడి బయటపడ్డ ఇనుము కనిపిస్తే సామాను సర్దుకుంటూ కూర్చోకండి. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి, 112కు ఫోన్ చేయండి. కూలి పోతుందని మేస్త్రీ అన్నా, అద్దె పోతుందని యజమాని అన్నా మళ్లీ లోపలికి వెళ్లకండి. డాబా మీద చువ్వలున్న ప్రతి ఇంటివాళ్లూ ఈ వారంలోనే ఒక ఇంజినీరును పిలిపించి పునాది చూపించండి. ఆయన ఇంకో అంతస్తు వద్దంటే, ఆ చువ్వలు కోయించేయండి.