బిడ్డ చేతి నీళ్లకు వెల కట్టవద్దు

వేసవి వచ్చిందంటే మా రాప్తాడులో ఆలయం ముందు చలివేంద్రం వెలుస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే, అదీ నిలకడ లేకుండా కురిసే ఈ అనంతపురం సీమలో, దాహార్తికి గుక్కెడు నీళ్లివ్వడాన్ని మించిన అర్చన లేదని మా పెద్దలు భావించారు. కొన్నేళ్ల క్రితం శ్రీరామనవమి నాడు చలివేంద్రం ప్రారంభించినప్పుడు వీధిలోని పిల్లలు పిలవకుండానే వచ్చారు. కుండలు నింపారు. బస్సు దిగిన ప్రయాణికులకు, మూటలు మోసే హమాలీలకు పరుగుపరుగున నీళ్లందించారు. వారి ఉత్సాహానికి మురిసిపోయిన నేను, వేసవి ముగిసేవరకు క్రమం తప్పక వచ్చినవారికి కంపాసు పెట్టెలు బహూకరిస్తామని ప్రకటించాను. అలాగే ఇచ్చాము కూడా.

మరుసటి సంవత్సరం చందాలు తగ్గాయి. బహుమతులు లేవన్నాము. వచ్చిన పిల్లలు ముగ్గురే. వారిలో ఒక బాలుడు, "సామీ, ఈ తూరి నిజంగా ఏమీ ఇవ్వరా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నా గుండెలో ములుకులా దిగింది. తప్పు ఆ పసివాడిది కాదు. ప్రీతితో చేసే సేవను కూలిపనిగా మార్చినవాడిని నేనే.

పరోపకార బుద్ధి పిల్లలకు మనం నేర్పితే వచ్చేదని అనుకుంటాము. నిజానికి అది వారిలో ముందే మొలకెత్తి ఉంటుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పరిశోధన చేసిన వార్నెకెన్, టొమసెల్లో అనే శాస్త్రవేత్తలు 2006లో ఈ సంగతి లోకానికి వెల్లడించారు. పెద్దవారు ఒక వస్తువును జారవిడిచి, అందక అవస్థపడుతున్నట్లు కనిపిస్తే, పద్దెనిమిది నెలల పసిబిడ్డలు తమంతట తామే వెళ్లి తీసి ఇచ్చారు. సహాయం చేయమని ఎవరూ అడగలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. వారే 2008లో మరొక విషయం తెలిపారు. సహాయం చేసినప్పుడల్లా ఆటవస్తువు పొందిన పిల్లలు, ఆ తరువాత అది ఇవ్వడం మానివేయగానే సహాయం తగ్గించారు. నోటిమాటగా మెచ్చుకోలు పొందినవారు, ఏమీ పొందనివారు మాత్రం తగ్గించలేదు. మా చలివేంద్రం వద్ద జరిగినది సరిగ్గా ఇదే.

ఈ సందర్భంలో కఠోపనిషత్తులోని నచికేతుడు గుర్తుకు వస్తాడు. అతని తండ్రి సర్వస్వాన్నీ దానం చేసే యజ్ఞం తలపెట్టి, పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దక్షిణగా ఇస్తున్నాడు. అది చూచిన పసివాడి మనసులో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. పిల్లవాడు మన ఉపన్యాసాన్ని కాదు, మన చేతులను చూస్తాడు. చిరిగిన దుస్తులు, పాచిపోయిన అన్నం ఇచ్చి మనం దానమని పేరు పెడితే, మన ఇంటి నచికేతుడు గమనిస్తూనే ఉంటాడు.

ఆ కథలో మనం తరచుగా దాటిపోయే అంశం మరొకటి ఉంది. యముడు మూడు వరాలు కోరుకొమ్మంటే, ఆత్మవిద్యను గురించి అడిగినది మూడవ వరంలో. మొదటి వరం తండ్రి కోసం. తండ్రి కోపం చల్లారాలి, దిగులు తీరాలి, తాను తిరిగి వెళ్లినప్పుడు ఆదరంతో పలకరించాలి. ఎక్కడో ఇంటిలో ఉన్న తండ్రి మనసు ఎంత కలత చెంది ఉంటుందో ఆ బాలుడు ఊహించగలిగాడు. ఇతరుల హృదయంలోకి తొంగిచూడగల ఈ శక్తి, బ్రహ్మవిద్యకు ముందు మెట్టు అని నా నమ్మకం.

ఈ శక్తికి కూడా ఒక ఈడు ఉంది. తనకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చునన్న గ్రహింపు మూడు, అయిదేళ్ల మధ్య వికసిస్తుందని, భారతదేశంతో సహా అయిదు దేశాల పిల్లలపై జరిపిన అధ్యయనం 2005లో తెలిపింది. కనుక రెండేళ్ల బిడ్డ తన బొమ్మను పంచుకోలేదని స్వార్థపరుడని ముద్ర వేయకండి. కొంచెం ఎదిగిన తరువాత, "ఆ పాపకు ఎలా ఉంటుందో చెప్పు నాన్నా" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న పది దండనల కంటె మేలు చేస్తుంది.

గృహస్థునికి విధించిన పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం కూడా ఉన్నాయి. అతిథికి అన్నం, మూగజీవాలకు గ్రాసం. వీటిని బిడ్డ చేత చేయించండి. కాకికి తొలిముద్ద, పిచ్చుకకు మూకుడులో నీళ్లు, గడప వద్దకు వచ్చినవారికి పిడికెడు బియ్యం ఆ చిన్ని చేతులతోనే పెట్టించండి. 2024 నుండి మన ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనం డొక్కా సీతమ్మ గారి పేరుతో సాగుతున్నది. గోదావరి సీమలో లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన ప్రతివారికి అన్నం పెట్టిన ఆ తల్లి ఎవరో, ఆ అన్నం తినే పిల్లలకు మనమే చెప్పాలి.

ఒక్క మనవి. "పుణ్యం వస్తుంది, మార్కులు వస్తాయి" అని ఆశ చూపి దానం చేయించకండి. పురోహితుడనై ఉండి ఇలా అంటున్నాడేమని అనుకోవద్దు. పుణ్యం లేదని నేను చెప్పడం లేదు. అది కర్మకు ఫలం, బేరానికి ధర కాదు. ఫలాపేక్ష లేని కర్మను గీతలో పెద్దలు చదువుతారు. పసిబిడ్డలు దానిని ఆచరిస్తూనే పుడతారు. మనమే మరపిస్తున్నాము.

గత వేసవిలో బహుమతి మాట ఎత్తలేదు. పిల్లలకు ఒకటే చెప్పాను: "నీళ్లిచ్చి వెంటనే తిరిగిపోకండి, తాగేవారి ముఖం చూడండి." ఒక మిట్టమధ్యాహ్నం అదే బాలుడు నా వద్దకు పరుగెత్తుకొచ్చి, "సామీ, ఆ అవ్వ ఇంకో గ్లాసు అడిగేకి మొగమాటపడింది, నేనే పోసినా" అన్నాడు. ఆనాడు సాయంత్రం అర్చనలో స్వామికి నేను విన్నవించుకున్నది ఆ మాటే.