24 దాటితే ఆ సీటు ఉండదు

బ్రేకులు లేవు, గేరు ఒక్కటే. 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్, పెట్రోలు బదులు మిథనాల్. మట్టి ట్రాక్ మీద నలుగురు రైడర్లు వెనక చక్రాన్ని పక్కకి జార్చుకుంటూ నాలుగు రౌండ్లు కొడతారు. ఇంచుమించు నిమిషంలో రేసు అయిపోతుంది. గెలిచినవాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్లకి 2, 1, చివరివాడికి సున్నా. ఇదీ స్పీడ్‌వే.

చెక్ వాళ్లకి ఇది పాత ఆటే. పార్దుబిట్సే ఊళ్లో గోల్డెన్ హెల్మెట్ రేసు 1929లో మొదలైంది. మన నాన్నలు మురిసిపోయిన జావా కూడా ఆ దేశపు బండే, స్పీడ్‌వేలోనూ దానికి పెద్ద పేరుంది. అయినా ఇవాళ ఈ ఆటతో బతకాలనుకునే చెక్ కుర్రాడు సొంతూళ్లో కూర్చుంటే కుదరదు. డబ్బంతా పక్కనున్న పోలండ్ లీగ్‌లో ఉంది.

యాన్ క్వెఖ్ 2001లో పుట్టాడు. 2024లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయిన స్పీడ్‌వే గ్రాండ్ ప్రీలో పర్మనెంట్ రైడర్ అయ్యాడు. అదే ఏడాది పోలండ్ టాప్ లీగ్ ఎక్‌స్ట్రాలిగాలో జెలోనా గురా టీమ్‌కి, 2025లో టోరున్‌కి ఆడాడు. టోరున్ ఆ ఏడాది టైటిల్ కొట్టింది. ఇంకేం, కుర్రాడు సెటిల్ అయిపోయాడు అంటాం కదా!

కాస్త ఆగండి. ఈ ఆటలో నెల జీతం ఉండదు. కాంట్రాక్టు మీద సంతకం చేసినప్పుడు కొంత, ఆ తర్వాత తెచ్చిన ప్రతి పాయింటుకీ ఇంత. అందులోంచే బైకులు, ఇంజిన్ల రిపేరు, మెకానిక్, వ్యాను, దేశాల మధ్య తిరుగుళ్లు. ఎముక విరిగితే పాయింట్లు ఆగుతాయి, ఖర్చులు ఆగవు. నా మొదటి ఆఫర్ లెటర్‌లో అంకె చూసి మా ఇంట్లో స్వీట్లు పంచారు. ఫస్ట్ శాలరీ అకౌంట్లో పడ్డాకే వేరియబుల్ పే అంటే ఏంటో నాకు తెలిసింది. క్వెఖ్ లాంటివాళ్లకి దాదాపు మొత్తం వేరియబులే.

దీనికి తోడు వయసు లెక్క ఒకటుంది. జూనియర్లు కాకుండా, 24 ఏళ్లు మించని రైడర్ ఒకరు లైనప్‌లో ఉండాలని ఎక్‌స్ట్రాలిగా 2021లో రూల్ పెట్టింది. దాంతో విదేశీ కుర్రాళ్లకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. క్వెఖ్ ఆడింది ఆ సీట్లోనే. మన క్యాంపస్‌లో ఫ్రెషర్ పోస్టు లాంటిదన్నమాట: పోటీ తక్కువ, గడువు మాత్రం ఖాయం. 2001లో పుట్టినవాడికి 2025 చివరి సీజన్. ఆ తర్వాత అదే జీతగాళ్ల మార్కెట్లో ముప్ఫై దాటిన సీనియర్లతో సమానంగా పాయింట్లు చూపించాలి.

నా దృష్టిలో అతను చేసిన తెలివైన పని గ్రాండ్ ప్రీకి వెళ్లడం. అక్కడ వయసు కోటా లేదు. 2025 నాటికి ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన బార్తోష్ జ్మార్జ్‌లిక్ పక్క గేటులోనే నిలబడాలి. ఓడిపోయిన రాత్రులు ఎక్కువే ఉంటాయి. కానీ కోటా సీటు చేతిలో ఉండగానే, అది పోయాక ఎవరితో పోటీపడాలో వాళ్లతో రెండేళ్లు ముందే రేసులాడేశాడు.