నడుములో కొత్త డిస్కు: తొందర ఎందుకు?

నడుమునొప్పితో నా వద్దకు వచ్చే గృహస్థులలో పలువురు నాడి చూపకముందే ఎం.ఆర్.ఐ. ఫిల్ము చేతికిస్తున్నారు. "డిస్కు అరిగిందట, దానిని తీసి కృత్రిమ డిస్కు అమర్చుతారట, చేయించుకొమ్మంటారా?" అన్నది ప్రశ్న. కొందరు అప్పటికే ఉన్న అరెకరాన్ని బేరానికి పెట్టి ఉంటారు. ఆయుర్వేద వైద్యుడు ఎలాగూ వద్దంటాడని ముందే అనుకొని వచ్చేవారూ లేకపోలేదు. సుశ్రుతుని గ్రంథం చదువుకొన్నవాడు శస్త్రచికిత్సను నిందించలేడు. ఆపరేషనుకు ముందు జరుగవలసిన చికిత్స నిజంగా జరిగిందా అన్నదే నేను అడిగే మాట.

ఈ కృత్రిమ డిస్కు నిన్న మొన్నటిది కాదు. 1960ల నాటికే స్వీడన్ వైద్యుడు ఫెర్న్‌స్ట్రోమ్ వెన్నుపూసల నడుమ ఉక్కు గుండ్లను అమర్చి చూచాడు. అవి ఎముకలోనికి దిగబడిపోవడం వలన ఆ పద్ధతి నిలువలేదు. తరువాత తూర్పు బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో షెల్నాక్, కారిన్ బ్యూట్నర్ యాంజ్ అనే ఇద్దరు వైద్యులు రెండు లోహపు పలకలు, వాటి మధ్య జారే ప్లాస్టిక్ బిళ్ళ గల డిస్కును రూపొందించారు. 1984లో దానిని మొదటిసారి రోగికి అమర్చారు. ఈ కారిన్ 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో జిమ్నాస్టిక్సులో రెండు స్వర్ణపతకాలు గెలిచిన క్రీడాకారిణి కావడం విశేషం. వెన్ను వంగడం ఎంత అవసరమో ఆమెకు మరొకరు చెప్పనక్కరలేదు! అమెరికాలో దీనికి 2004లో అనుమతి లభించింది.

దీని వెనుక ఉన్న ఆలోచన మంచిదే. అరిగిన చోట రెండు పూసలను మరలతో బిగించి ఒకటిగా కలిపివేస్తే అక్కడ కదలిక పోతుంది, భారం పక్క పూసపై పడుతుంది. కృత్రిమ డిస్కు ఆ కదలికను కాపాడుతుంది. అయితే దీనిని పొట్ట వైపునుండి, పెద్ద రక్తనాళాలను పక్కకు తప్పించి అమర్చాలి. ఎముకలు గుల్లబారినవారికి, వెన్ను వెనుకవైపు కీళ్ళు అరిగినవారికి, పూస జారినవారికి ఇది పనికిరాదు. 60 ఏండ్లు దాటినవారికి నడుములో ఈ ఆపరేషను ఖర్చు భరించరాదని అమెరికా ప్రభుత్వపు మెడికేర్ బీమా 2007లో నిర్ణయించింది. నన్ను అడిగేవారిలో ఏబది దాటిన స్త్రీలే ఎక్కువ. వారిలో చాలామందికి అసలు ఈ ప్రశ్నే వర్తించదు.

తగినవారికైనా ఫలితమెంత? నార్వేలో 25 నుండి 55 ఏండ్ల లోపు వయసుగల 173 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు కృత్రిమ డిస్కు అమర్చారు. రెండవ జట్టుకు కొన్ని వారాలపాటు వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, నొప్పికి భయపడక కదలడం నేర్పారు. రెండేళ్ళ తరువాత చూస్తే ఆపరేషను జట్టు మెరుగుగానే ఉన్నది. నడుమునొప్పి వలన కలిగే అశక్తతను నూరు పాయింట్లలో కొలిచే పట్టికలో ఆ తేడా 8.4 పాయింట్లు మాత్రమే. రోగికి లెక్కకు వచ్చే తేడా కనీసం 10 ఉండాలని ఆ పరిశోధకులే ముందుగా అనుకొన్నారు. మళ్ళీ చేసిన ఆపరేషనులో రక్తనాళం దెబ్బతిని ఒక రోగికి కాలు తీసివేయవలసి వచ్చింది. 2011లో వెలువడిన ఈ ఫలితాన్ని చదివిన తరువాత, ఆ రెండవ జట్టుకు అందిన చికిత్స మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో ఎందరికి అందుతున్నదని ఆలోచించాను. నొప్పిమాత్రలు, స్కానింగు, ఆ తరువాత ఆపరేషను మాట. నడుమ ఉండవలసిన మెట్టు కనబడదు.

ఫిల్ము చూచి భయపడేవారికి మరొక మాట. 1994లో అమెరికాలో నడుమునొప్పి ఎరుగని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూడగా, వారిలో 52 శాతం మందికి డిస్కు ఉబ్బి కనిపించింది. కనుక ఫిల్ములో ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం అదే అని తీర్మానించరాదు.

కారణాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. గోదావరిఖని, మందమర్రి ఓపెన్‌కాస్టు గనులలో డంపరు కుదుపులు, సిరిసిల్ల మగ్గాల వద్ద గంటల తరబడి నిలబడడం, నాట్లలో వంగిన నడుము, ఇంటి అరుగుపై చేట ఒళ్ళో పెట్టుకొని ప్రొద్దుటినుండి సాయంత్రం దాకా బీడీలు చుట్టడం. కొత్త డిస్కు అమర్చినా ఆ మనిషి మళ్ళీ వెళ్ళేది ఆ పనికే. బీడీలు చుట్టే తల్లి అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడానికి, గోడకు వీపు ఆనించి కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇక మా వైపు చూచుకొందాము. "ఆపరేషను లేకుండా డిస్కును యథాస్థానానికి చేర్చెదము" అన్న బోర్డులు పట్టణాలలో కనబడుతున్నాయి. ఇది అబద్ధము. చరకుడు ఎనుబది వాతవ్యాధులలో గృధ్రసిని చేర్చి చికిత్స చెప్పాడు. మినపపిండితో కట్ట కట్టి నడుముపై గోరువెచ్చని తైలం నిలిపే కటివస్తి, నువ్వులనూనె మర్దన, వావిలాకు కాపడం నొప్పిని, బిగువును తగ్గిస్తాయి. రోగి లేచి నడవగలుగుతాడు. అరిగిన డిస్కు మాత్రం వీటితో నిండదు. బయటికి జారిన డిస్కు ముక్క చాలామందిలో కొన్ని నెలలలో దానంతట అదే కుంచించుకొనిపోతుంది. ఆ ఘనతను తైలానికి కట్టబెట్టి డబ్బు గుంజడం వైద్యము కాదు. కాపడంతో ఉపశమనం కలిగిన వెంటనే నడక, నడుముకు బలమిచ్చే వ్యాయామం మొదలుపెట్టాలి. వారాల తరబడి మంచం పట్టి ఉండడం మంచిది కాదు. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా నొప్పి పెరుగుతుంది, దానిని ముందు సరిచేయాలి. ఆముదం పుచ్చుకొనేవారు వైద్యుని అడిగి మోతాదు తెలుసుకోవాలి; గర్భిణులు దాని జోలికి పోరాదు.

ఈ విధంగా కనీసం ఆరు నెలలు శ్రద్ధగా చేసినా పని చేసుకోలేని నొప్పి నిలిచి ఉంటే, అప్పుడు వెన్నెముక శస్త్రవైద్యుని వద్దకు వెళ్ళండి. నాకు కృత్రిమ డిస్కు ఎందుకు తగును, నా ఎముక బలమెంత, వెనుక కీళ్ళు బాగున్నవా, మీరు ఇంతకుముందు ఎందరికి చేశారు అని అడగండి. వేరొక వైద్యశాలలో రెండవ అభిప్రాయం తీసుకొన్న తరువాతనే భూమి సంగతి మాట్లాడండి.

కాలు పాదం పైకి లేవకపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ పోయినా, నడుమునొప్పితోపాటు జ్వరమూ బరువు తగ్గడమూ ఉన్నా తైలాలతో కాలయాపన చేయకండి. మొదటి మూడు లక్షణాలలో ఏది కనిపించినా ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. చివరిది వెన్నులో క్షయ కావచ్చును, దానికి మందులున్నాయి.